రాళ్ల దగ్గరి చేప

బామ్మర్ది కంటే ముందు అతని బకెట్టు వాసన షాపులోకి వచ్చింది. లాండ్రీ ఆయన ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతిలో ఉన్న తెల్ల చొక్కాని గబగబా మడిచి, అద్దాల బీరువాలో పెట్టి తలుపేశాడు.

"బయట. ముందు దాన్ని బయట పెట్టు."

"మూత ఉంది బావా."

"మూత నీ నోటికి పెట్టుకో. బయట పెట్టమన్నానా?"

బకెట్టులో ఉన్నవి కోడి పేగులు. ఒక పూట ఎండలో మగ్గబెట్టినవి. బామ్మర్ది పండుగప్పలకి వేసే ఎర అదే. మురుగు కాలవ సముద్రంలో కలిసే చోట, కోళ్లు కోసే షెడ్ల వెనక నిలబడి, ఆ పేగుల్ని గాలానికి చుట్టి విసురుతాడు. ఎప్పుడు వెళ్లినా ఉత్త చేతులతో తిరిగి రాడు. లాండ్రీ ఆయన అతనికి 'కాలవ' అని పేరు పెట్టాడు. ఆ పేరు వీధి వీధంతా పాకింది. చేపలు కొనేవాళ్లు కూడా "కాలవా, ఇవాళేం తెచ్చావు?" అని అడుగుతారు. బామ్మర్ది పళ్లికిలిస్తాడు తప్ప ఏనాడూ కోపం తెచ్చుకోడు. కోపం రాని మగాడంటే లాండ్రీ ఆయనకి అసహ్యం.

ఆయనకి అసహ్యాలు చాలా ఉన్నాయి. వృత్తి అలాంటిది. పెద్దమనుషులు పలకరిస్తూ పోతుంటే ఆయనకి వాళ్ల మొహాలు కనపడవు, కాలర్ల లోపలి జిడ్డు కనపడుతుంది. ఎవరి చంకలు ఎంత పచ్చబడ్డాయో, ఏ మేనేజరు ముక్కు చీది చొక్కా చేతికి తుడుచుకుంటాడో, ఏ డాక్టరు కోటు జేబులో తిని మిగిల్చిన పకోడీ ముక్క దొరుకుతుందో అన్నీ తెలుసు. భార్య పోయాక ఆ అసహ్యం ఇంకా ముదిరింది. ఓదార్చడానికి వచ్చి, కాఫీలో చక్కెర చాలలేదన్న బంధువుని ఆయన ఇప్పటికీ క్షమించలేదు.

బామ్మర్ది బకెట్టు వీధిలో పెట్టి వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "పిల్ల ఏమన్నా తిందా?"

వెనక గదిలో కూతురు పడుకుని ఉంది. జ్వరం తగ్గింది గానీ తిండి సయించడం లేదు. గంజి చూస్తే వాంతి. పాలు చూస్తే వాంతి. తడిసిన దుప్పట్ల మూటని ఒంటిచేత్తో ఎత్తి బల్ల మీద వేసే మనిషి, బేరాలాడే వాళ్ల నోళ్లు రెండు మాటలతో మూయించే మనిషి, ఇప్పుడు మంచానికి అతుక్కుపోయింది. గోడ వైపు తిరిగి పడుకుంటే వీపు మీద ఎముకలు లెక్కపెట్టవచ్చు. డాక్టరు నిన్న చూసి, చెప్పాల్సింది చెప్పి వెళ్లాడు. రేపు పొద్దున మళ్లీ వస్తాడు. ఈలోపు కడుపులో ఏదో ఒకటి నిలవాలి. లేకపోతే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేస్తారు.

ఆ ఆసుపత్రి లాండ్రీ ఆయనకి తెలుసు. భార్యని ఆ గేటు లోపలికి నడిపించి తీసుకెళ్లాడు. బయటికి మోసుకొచ్చాడు.

ఇవాళ పొద్దున కూతురు కళ్లు తెరిచి తనంతట తాను ఒక మాటంది. "నాన్నా, పండుగప్ప అయితే తింటానేమో. అమ్మ చేసేది చూడు, అలాగ."

లాండ్రీ ఆయన ఆ మాట చెప్పగానే బామ్మర్ది మొహం వెలిగింది. "అంతేనా? సాయంత్రానికల్లా తెస్తా. కాలవ దగ్గర నిన్నట్నుంచీ ఒకటే తోకలు కొడుతున్నాయి."

"కాలవ చేప నా గడప తొక్కదు."

"బావా, పిల్ల ఉన్న పరిస్థితిలో..."

"పరిస్థితి బాగుండకే చెప్తున్నా. నిక్షేపంగా ఉన్నప్పుడే పెట్టనిది, మంచాన పడ్డప్పుడు పెడతానా? మీ అక్క ఉన్నన్నాళ్లూ ఆ కంపు చేప ముక్క ఒక్కటి నా పళ్లెంలో పడలేదు. ఆవిడ పోయింది గదా అని ఇప్పుడు దూరుద్దామనుకుంటున్నావా?"

బామ్మర్ది ఏదో అనబోయి ఆగిపోయాడు. గోడకి తగిలించిన హ్యాంగర్ల వైపు చూస్తూ అన్నాడు. "సముద్రం అద్దంలా ఉంది. నీ రాళ్ల దగ్గర కష్టం."

"నాకు చెప్తున్నావా సముద్రం సంగతి?"

"లేదులే."

"పిల్ల దగ్గర కూర్చో. ఆ బకెట్టు వీధి చివర పెట్టి, చేతులు కడుక్కుని, అప్పుడు కూర్చో."

భార్య పోయాక లాండ్రీ ఆయన గాలం పట్టలేదు. పట్టాలనిపించక కాదు. కోసేవాళ్లు లేక. ఆ ఇంట్లో పద్ధతి అది. ఆయన పట్టేవాడు, ఆవిడ కోసేది. చేప పొట్ట కోసిన చేత్తో తెల్ల బట్టలు ముట్టుకుంటే ఎన్ని నీళ్లతో కడిగినా నీచు వాసన దిగుతుందని, అది గిరాకీకి దెబ్బని, పెళ్లయిన కొత్తలోనే చెప్పేశాడు. ఆవిడ సరేనంది. పెరట్లో కుళాయి కింద కూర్చుని కోసుకునేది. ముక్కలు శుభ్రంగా పళ్లెంలో పేర్చి తెచ్చేది. అందులో ఇంకో మనిషి చూడాల్సింది ఏమీ ఉండదని ఆయన నమ్మకం.

షట్టరు దించి, గాలం కర్ర భుజాన వేసుకుని బయల్దేరాడు.

ముందు ఇసుక రేవుకి వెళ్లాడు. ఎక్కడ విసరాలో కళ్లతో చూసి తేల్చుకోవాలి, గుడ్డిగా విసరకూడదు. అలలు రెండు పక్కలా విరిగి, మధ్యలో విరక్కుండా నల్లగా నిలిచిన చోటు ఉంటే, అక్కడ ఇసుకలో గుంట ఉన్నట్టు. పోటు వచ్చినప్పుడు ఆ గుంట వెంట చేప ఒడ్డుకి వస్తుంది. ఇవాళ విరగడానికి అలలే లేవు. మోకాలి లోతులో గవ్వలు కూడా కనిపిస్తున్నాయి. గాలి రెండ్రోజులు సముద్రం మీంచి తోసి, నీళ్లు నురగలెత్తి మసకబారితే పండుగప్ప కాళ్ల దగ్గరికి వస్తుంది. ఇంత తేటనీటిలో రాదు. అది దొంగచేప. నురగ చాటునో నీడ చాటునో దాక్కుని నోరు తెరుస్తుంది.

రేవులో ఎవరో దంపతులు తిని పారేసిన కాగితాలు నీళ్లలో తేలుతున్నాయి. భర్త చెప్పులు కడుక్కుంటున్నాడు. భార్య అతన్ని ఫొటో తీస్తోంది. లాండ్రీ ఆయన అటు చూడకుండా నడిచాడు.

ఇక మిగిలింది రాళ్లే. రాళ్ల మధ్య ఒక చీలిక ఉంది. సముద్రం ఎంత నిద్రపోతున్నా దాని ఊపిరి ఆ చీలికలోకి ఎక్కి, ఉక్కిరిబిక్కిరై, తెల్లగా నురగ కక్కుతుంది. నురగ కింద నీడ. నీడలో పీతలు. చేపకి ఇంతకంటే ఏం కావాలి? పెళ్లి కాకముందు కనిపెట్టిన చోటు అది. ఎవరికీ చూపించలేదు.

రాళ్ల మీద నిలబడితే ఎడం పక్కన కాలవ సముద్రంలో కలిసే మొగ కనపడుతుంది. నీలి నీళ్లలోకి చాచిన గోధుమరంగు నాలిక. దాని మీద పక్షులు కాట్లాడుకుంటున్నాయి. లాండ్రీ ఆయన ఎప్పుడూ దానికి వీపు పెట్టే నిలబడతాడు. ఇవాళా అలాగే నిలబడ్డాడు.

ఎర గురించి దారిలోనే ఆలోచించి పెట్టుకున్నాడు. రొయ్య గుచ్చితే లాభం లేదు. ఇంత తేట నీళ్లలో చిల్లర చేపలు చుట్టూ చేరి క్షణంలో చప్పరించేస్తాయి. చిన్న చేపని బతికుండగా గుచ్చాలంటే వల కావాలి, ఓపిక కావాలి. పీతే కావాలి. అదీ పెంకు మార్చుకోబోతున్న పీత. పాత పెంకు లోపల కొత్త ఒళ్లు వెన్నలా మెత్తబడి, వాసన బయటికి వదులుతుంది. ఆ వాసనకి పండుగప్ప ఆగలేదు.

వంగి నాచు పట్టిన రాళ్లు ఒక్కొక్కటే తిప్పాడు. దొరికిన పీతనల్లా వెనక నుంచి పట్టుకుని, కాలి చివరి కణుపు మెలిపెట్టి లాగాడు. లోపల తెల్లటి నరం ఊడివస్తే అది పనికిరాదు. పెంకు తొడుగులా జారి, లోపల ఇంకో కొత్త కాలు కనపడితే అదే కావలసింది. నడుం పట్టేసేదాకా వెతికితే అలాంటివి రెండు దొరికాయి. పెంకు ఒలిచి, గాలానికి పెట్టి, సాగే దారంతో చుట్టి చుట్టి కట్టాడు. ఆ దారం గిరాకీలు తీసుకెళ్లకుండా వదిలేసిన చెడ్డీల నడుం పట్టీల్లోంచి లాగింది. ఒంటి మీద చొక్కా కూడా ఎవరో వదిలేసిందే. ఊళ్లో వాళ్ల దగ్గర ఆయనకి పనికొచ్చింది వాళ్లు మరిచిపోయినవే.

మొదటి పీతని రాయి మింగింది. గాలం ఇరుక్కుని దారం తెగింది. నోటికొచ్చినట్టు తిట్టాడు. సముద్రాన్ని తిట్టాడు. డాక్టర్ని తిట్టాడు. తనని ఇలా వదిలేసి పోయినందుకు భార్యని కూడా తిట్టాడు. తర్వాత రెండోదాన్ని కట్టి, పోటు మొదలై చీలికలో నీళ్లు లేచేదాకా విసరకుండా కూర్చున్నాడు. కూర్చున్నంతసేపూ ఆయనకి గోడ వైపు తిరిగిన ఆ వీపే కనపడింది.

నీళ్లు లేచాయి. నురగ అంచున పీతని జారవిడిచాడు. కర్ర కొస ఒక్కసారి వణికింది, ఆగింది, ఠక్కున వంగింది.

పోరాటం గురించి చెప్పుకోడానికి పెద్దగా లేదు. అది రాళ్లలోకి లాగింది, ఆయన ఇవతలికి లాగాడు. మోకాలు కొట్టుకుపోయింది. చివరికి చేప రాతి మీద పడింది. మోచెయ్యి దాటిన పొడవు. ఒళ్లంతా వెండి. కంట్లో ఎర్రటి మెరుపు. వంగి మొప్పల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. ఉప్పు, నాచు. ఇంకేం లేదు. 'ఇదీ చేపంటే' అనుకున్నాడు. చాలా రోజుల తర్వాత ఒక దాని మీద ఆయనకి అసహ్యం కలగలేదు.

ఇంటికొచ్చేసరికి బామ్మర్ది పెరటి గుమ్మంలో ఎదురొచ్చాడు. చేపని చూసి అబ్బురపడి, వెంటనే చెయ్యి చాపాడు. "ఇటివ్వు బావా. షెడ్ల దగ్గర మంచి కత్తులున్నాయి. చిటికెలో కోసి తెస్తా."

"అక్కర్లేదు."

"నీ చేతులకి వాసన అంటుతుంది. రేపు షాపు తియ్యాలి గదా?"

"ఈ షాపు మీద నీకింత ప్రేమ ఎప్పట్నుంచి? దీన్ని పట్టుకెళ్లి అమ్ముకుని, నీ కాలవ సరుకు తెచ్చి పెడతావు. ముక్కలు చేశాక ఎవడు చూడొచ్చాడనేగా?"

బామ్మర్ది చాచిన చెయ్యి మెల్లగా దింపాడు. "అంత మాటన్నాక నేనేం చెప్పను? కానీ నువ్వు మాత్రం కొయ్యకు బావా."

"ఏం?"

"నీవల్ల కాదు."

అతను ఇంకే మాట అన్నా లాండ్రీ ఆయన ఆలోచించేవాడేమో. ఆ ఒక్క మాటతో తిన్నగా వెళ్లి గూట్లోంచి భార్య కత్తి తీసుకుని కుళాయి కింద కూర్చున్నాడు.

పొలుసు గీశాడు. అది మొహం నిండా చింది అతుక్కుంది. పొట్ట కింద కత్తి పెట్టి పైకి లాగాడు. చేతకాని చెయ్యి. కత్తి లోతుగా దిగి లోపలి సంచిని కూడా చీల్చేసింది. ముందు తన పీత బయటికి వచ్చింది, దారం చుట్టలతో సహా, నలగకుండా. ఆయనకి నవ్వొచ్చినంత పనైంది.

పీత వెనకాలే మిగతావి వచ్చాయి.

కోడి పేగు. పసుపుపచ్చగా, సగం అరిగి, తాడులా సాగుతూ వచ్చింది. తర్వాత ఈకల మొదళ్లు గుచ్చుకుని ఉన్న తోలు ముక్క. తర్వాత గోళ్లతో సహా ఒక కోడి పాదం. ఇంకేదో నల్లటి జిగురు, దాన్నేమనాలో ఆయనకి తెలియలేదు. వాటితో పాటు వాసన లేచింది. పొద్దున షాపులోకి వచ్చిన వాసనే.



"ఇది నీ పనే," అన్నాడు తలెత్తకుండా. "నువ్వేసిన దరిద్రం తిని ఇటొచ్చింది."

"నేనివాళ గాలం వెయ్యలేదు బావా. పొద్దుట్నుంచీ పిల్ల దగ్గరే కూర్చున్నా. షెడ్లవాళ్లు రోజూ పారబోస్తారు. పోటు దిగి పాటు తీసినప్పుడు ఆ నీళ్లు నీ రాళ్లని చుట్టుకునే పోతాయి. చేపకేం తెలుసు, ఇది మా బావ చోటు, ఇక్కడ మర్యాదగా తినాలని?"

"నోరు ముయ్యి."



కుళాయి నీళ్లు కారుతున్నాయి. కోడి పాదం నీటి ధారకి కదులుతోంది, బతికున్నట్టు. లాండ్రీ ఆయన కత్తి మొనతో దాన్ని పక్కకి నెట్టాడు. ఆ తర్వాత అడిగాడు. "ఇదొక్కటేనా?"

బామ్మర్ది గుమ్మం వైపు తిరిగాడు.

"నిన్నే. ఇదొక్కదాన్లోనేనా?"

"అక్క చెప్పద్దంది."

"ఏం చెప్పద్దంది?"

"అన్నిట్లోనూ ఉండేది బావా." బామ్మర్ది గుమ్మంలోనే గొంతుక్కూర్చున్నాడు. "షెడ్లు కట్టిన కొత్తలో ఒకరోజు నన్ను పిలిచి చూపించింది. 'మీ బావకి తెలిస్తే చచ్చినా మళ్లీ చేప ముట్టడు. ఆయన నోరారా తినేది ఇదొక్కటేరా' అంది. నా చేత ఒట్టేయించుకుంది. ఆ తర్వాత పొట్టలో సరుకంతా కాగితంలో చుట్టి నాకిచ్చేసేది. ఇంట్లో పారేస్తే నీ ముక్కు పసిగడుతుందని."

"నువ్వేం చేసుకునేవాడివి దాన్ని?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. "విప్పి చూసేవాణ్ణి. వాటికి ఏవంటే ఇష్టమో అలా తెలిసింది. అందరూ నన్ను ఈ ఎర ఎలా కనిపెట్టావురా అంటారు. నేనేం కనిపెట్టాను బావా? నీ చేపల్లోంచి అక్క తీసిచ్చిందేగా."

లాండ్రీ ఆయన లేచి గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి భోజనాల బల్ల గుర్తొచ్చింది. ముక్క నోట్లో పెట్టుకుని, "చూడు, సముద్రం తింటున్నట్టు లేదూ? మీ తమ్ముడి చేపకి ఈ రుచి వస్తుందా?" అనేవాడు. అన్న ప్రతిసారీ ఆవిడ "ఎందుకొస్తుంది?" అనేది. అని ఇంకో ముక్క వేసేది. అప్పుడు ఆవిడ మొహంలో ఏముందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఆయన ఎప్పుడూ పళ్లెం వైపే చూశాడు. నవ్వుకుందా? జాలి పడిందా? ఏది నిజమైనా ఆయనకి ఒకటే. ఆవిడ తలుచుకుంటే ఒక్క మాటతో చెప్పి ఉండొచ్చు. చెప్పకుండా ఇన్నేళ్లు ఆ చేతులతో వడ్డించింది. ఇప్పుడు నిలదీద్దామంటే మనిషి లేదు. ఆవిడ పోయాక ఎన్నోసార్లు కోపం వచ్చింది గానీ, ఆవిడంటే అసహ్యం కలగడం ఇదే మొదలు. కలిగినందుకు తన మీద తనకీ కలిగింది.

చేపని తోక పట్టి ఎత్తాడు. గోడ అవతల చెత్తకుండీ ఉంది. చెయ్యి వెనక్కి ఊపాడు.

"మామయ్యా," లోపల్నుంచి కూతురి గొంతు వినపడింది, నీరసంగా. "నాన్న వచ్చాడా? చేప దొరికిందా? ఆకలేస్తోంది."

ఆకలి అన్న మాట ఆ పిల్ల నోట వినక ఎన్ని వారాలైందో. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చేప బరువుకి మణికట్టు లాగుతోంది. బామ్మర్ది తలొంచుకుని నేల మీద పొలుసులు ఏరుతున్నాడు. ఒక్క మాట మాట్లాడితే చంపేద్దామని లాండ్రీ ఆయన చూశాడు.

"దొరికిందమ్మా," అన్నాడు చివరికి. "చేస్తున్నా."

మళ్లీ కుళాయి కింద కూర్చున్నాడు. తెల్లబట్ట మీద మరక వదిలించినట్టు కడిగాడు. ఉప్పు వేసి తోమాడు, పిండాడు, నీళ్లు మార్చాడు, మళ్లీ తోమాడు. లోపలి నల్లటి పొరని గోటితో గీకి తీశాడు. నీళ్లు తేటగా వచ్చాక కూడా కడుగుతూనే ఉన్నాడు.

"చాలు బావా, ముక్క చెదిరిపోతుంది."

"మీ అక్క ఎలా చేసేది?"

"ఉప్పు, మిరియం. అంతే. నూనె ఎక్కువ పొయ్యకు. మూత పెట్టకు. ఒక వైపు బాగా వేగేదాకా కదపకు."

జన్మలో అతని దగ్గర ఏదీ నేర్చుకోననుకున్న మనిషి, పొయ్యి దగ్గర నిలబడి అతను చెప్పినట్టల్లా చేశాడు.

కూతురు దిండుకి ఆనుకుని కూర్చుంది. మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. లాండ్రీ ఆయన పక్కనే తుండు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. వాంతి రాలేదు. మింగింది. రెండో ముక్క తీసుకుంది.

"రాళ్ల దగ్గరదేగా నాన్నా?"

"ఆ."

"నాకు తెలిసిపోయింది. వాసనే చెప్తోంది. మామయ్య చేపైతే గుమ్మంలోకి రాగానే కంపు కొట్టేది." గుమ్మంలో నిలబడ్డ మామయ్యని చూసి నవ్వింది. "కోపం తెచ్చుకోకు కాలవ మామయ్యా."

"నాకెందుకమ్మా కోపం?" అన్నాడు బామ్మర్ది, సీలింగు ఫ్యాను వైపు చూస్తూ.

లాండ్రీ ఆయన కూతురి మొహం చూశాడు. ఆ గర్వం తనదే. తన ముక్కూ, తన నోరూ ఆ పిల్లకి వచ్చాయి. ఇప్పుడు నిజం చెప్తే ఆ ముక్కే ఆమెని చంపుతుంది. తిన్నదంతా బయటికి వస్తుంది, ఇక ఏదీ లోపలికి పోదు.

"నువ్వు తినవేం?" అంది.

"తర్వాత తింటాలే."

"తర్వాత లేదు. ఎదురుగా కూర్చుని తిను. పట్టినవాడివి నువ్వు. నువ్వు తినకపోతే నాకూ దిగదు."

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. చిన్న ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పేగు గుర్తొచ్చింది, గోళ్లున్న పాదం గుర్తొచ్చింది. నాలిక మీద వాటి కోసం వెతికాడు. ఏమీ లేదు. ఉప్పు, సముద్రం. అచ్చం ఎప్పుడూ ఉండే రుచే, వెంట్రుకవాసి తేడా లేదు. కంపు కొడితే కాస్త ఊరటగా ఉండేది. నమిలాడు. దవడ ఆగిపోయింది. కూతురు చూస్తోంది. మింగాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"అమ్మ చేసినట్టే ఉంది కదూ?"

"ఆ. అలాగే ఉంది."

కూతురు పళ్లెం ముందుకి చాపింది. "ఇంకోటి వెయ్యి నాన్నా. తోక వైపుది వద్దు, ముళ్లుంటాయి. పొట్ట ముక్క వెయ్యి."

లాండ్రీ ఆయన గిన్నెలో వెతికి పొట్ట ముక్క తీశాడు. వెలుతురుకి ఎత్తి పట్టి రెండు వైపులా చూశాడు. పళ్లెంలో వేశాడు.

"నిదానంగా నమిలి తిను," అన్నాడు.